సామాను దగ్గర నిలిచినవారికీ సమానమే



పోయిన వారం మేమిద్దరం హైదరాబాదు వెళ్లి వచ్చాం. ఉప్పల్ దాకా బస్సు, అక్కడి నుంచి తార్నాక దాకా మెట్రో, తార్నాకలో దిగి ఆటోలో బౌద్ధనగర్. కూటాలకు కాదు, ఆసుపత్రి పని మీదా కాదు. మన సండేస్కూల్లో పెరిగిన ఒక అబ్బాయిని చూడటానికి వెళ్లాం. పేరు చెప్పం. చెబితే ఆ బిడ్డ ఇంకా దూరమవుతాడు.

బౌద్ధనగర్‌లో మూడో అంతస్తు మీద ఒక గది. నలుగురు కుర్రవాళ్లు అద్దె పంచుకుంటున్నారు. ఒక మూల గ్యాసు పొయ్యి, ఒక మూల పుస్తకాల దొంతర, గోడకు భారతదేశ పటం, దండెం మీద నాలుగు తువ్వాళ్లు. మనవాడు అయిదేళ్లుగా పోటీ పరీక్షలు రాస్తున్నాడు. ఒకసారి ఒక్కో పోస్టుకు ఇద్దరి చొప్పున సర్టిఫికెట్ల పరిశీలనకు పిలిచారు. ఆ ఇద్దరిలో తానూ ఒకడు. వాళ్లమ్మ ఆ రోజు మన మందిరంలో కృతజ్ఞతార్పణ కూడా ఇచ్చింది. తుది జాబితాలో మాత్రం ఆ రెండో మనిషి పేరు వచ్చింది.

ఆ బిడ్డ పోయిన క్రిస్మస్ తరవాత మన మందిరం మెట్లెక్కలేదు. ఎందుకో మాకు తెలుసు. అందుకే మేమే వెళ్లాం.

పొద్దున్నే అయిదున్నరకు లేపాడు. "అయ్యగారూ, క్యాంపస్‌కు పోదామా? ఈ టైముల చల్లగుంటది" అన్నాడు. ముగ్గురం నడుచుకుంటూ ఉస్మానియా లోపలికి వెళ్లాం. విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. ఇప్పుడున్న ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో తెరిచారు. ఆ రాతి భవనం ముందు నడిచేవాళ్లు నడుస్తున్నారు, చెట్ల కింద పుస్తకం పట్టుకుని తిరుగుతూ చదివేవాళ్లు చదువుతున్నారు. ఒక ఖాళీ స్థలంలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. రెండు రాళ్లు పెట్టి గోలు అనుకున్నారు. మనవాడిని చూడగానే "అన్నా, దా, గోల్ల నిలబడు" అని కేకేశారు.

వెళ్లి నిలబడ్డాడు. ఒక అరగంట చూశాం. బంతి అవతలి వైపు ఉన్నంత సేపూ అక్కడే అటూ ఇటూ మెదులుతూ ఉన్నాడు. నాలుగు బంతులు ఆపాడు, ఒకటి వదిలాడు. ఆపిన నాలుగింటికీ ఎవరూ ఏమీ అనలేదు. వదిలిన ఒక్కదానికి అందరూ ఒక్కసారే అరిచారు.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మగారు అడిగారు, "ఎప్పుడూ నువ్వే నిలబడతావా బిడ్డా?" అని.

"గోల్ల ఎవ్వలు నిలబడరు అమ్మగారూ. అందరికి గోల్ కొట్టాలనే ఉంటది. ఎవరో ఒకరు నిలబడాలె కదా."

ఈ మాట మాతోపాటు ఊరికి వచ్చింది. ఈ వారమంతా మేము గోల్‌కీపర్ల గురించే చదివాం, ఆలోచించాం. ఆదివారం ప్రసంగంలో పట్టేది కాదు గనుక ఇక్కడ రాస్తున్నాం.

మొదట ఆ పని ఎటువంటిదో చూద్దాం. ఫుట్‌బాల్ గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. అంత వాకిలికి ఒక్క మనిషి కాపలా. హాకీలో గోలు చిన్నది, కానీ బంతి గట్టిది, 160 గ్రాముల దాకా ఉంటుంది, రాయిలా వస్తుంది. మంచు దేశాలలో ఐస్ హాకీ అని ఒకటి ఆడతారు. గడ్డకట్టిన నీటి మీద, కాళ్లకు ఇనుప పట్టీల బూట్లు వేసుకుని ఆడే ఆట. అందులో బంతి ఉండదు. పక్ అని గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది, సుమారు 170 గ్రాములు. పెద్ద ఆటగాళ్లు కొడితే గంటకు 160 కిలోమీటర్లు దాటి వస్తుంది. గోలు పడితే వెనక ఒక ఎర్ర దీపం వెలుగుతుంది. ఆ దీపం గోలీ వీపు వెనకే ఉంటుంది. తప్పు జరిగిన క్షణంలోనే ఊరందరికీ తెలిసేటట్టు దీపం పెట్టిన ఉద్యోగం ఇంకొకటి ఉందో లేదో మాకు తెలియదు.

ఆ ఆటలో గ్లెన్ హాల్ అనే గోలీ ఉండేవాడు. 1955 నుంచి 1962 దాకా వరసగా 502 మ్యాచ్‌లు ఒక్కటీ మానకుండా, ముఖానికి ఏ తొడుగూ లేకుండా నిలబడ్డాడు. ఇంకో సంగతి కూడా చెబుతారు. ఆటకు ముందు భయంతో, ఆందోళనతో వాంతి చేసుకునేవాడట. అలవాటుగా మారినా ఆ వాంతి పోలేదు, ఆయన కూడా పోలేదు. వాంతి చేసుకుని, నోరు కడుక్కుని, వెళ్లి నిలబడేవాడు. మనం విశ్వాసి అంటే భయం లేనివాడని చెబుతుంటాం. మేము కూడా పల్పిట్ మీద నుంచి చెప్పాం. ఇప్పుడు అనిపిస్తోంది, భయం ఉండి కూడా తన చోటు వదలని మనిషి గురించి మనం చాలా తక్కువ చెప్పాం.

అదే కాలంలో జాక్ ప్లాంట్ అని మాంట్రియల్ జట్టు గోలీ ఉన్నాడు. 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో ఆడుతుండగా పక్ వచ్చి ముఖానికి తగిలి చీరుకుపోయింది. లోపలికి తీసుకెళ్లి కుట్లు వేశారు. ఆ రోజుల్లో జట్లకు బెంచి మీద రెండో గోలీ ఉండేవాడు కాదు. ఆయన తిరిగి వెళ్లకపోతే ఆట ఆగిపోవాలి. "ముఖానికి తొడుగు పెట్టుకోనిస్తేనే వస్తాను" అని పట్టుబట్టాడు. కోచ్‌కు ఇష్టం లేదు, పిరికితనం అంటారని. చివరికి ఒప్పుకున్నాడు. ఈ రోజు ముఖ తొడుగు లేకుండా ఏ గోలీ నిలబడడు. మాకు ఇందులో పట్టిన మాట ఏమిటంటే, రెండో గోలీ అనేవాడు లేకపోతే మొదటివాడు నెత్తురు కారుతున్నా నిలబడవలసి వచ్చింది. రెండోవాడు ఉండటం వల్లనే మొదటివాడికి గాయం మానే వ్యవధి దొరుకుతుంది. ఊరికే బెంచి మీద కూర్చున్నట్టు మనకు కనబడే ఆ మనిషి, కూర్చోవడం ద్వారానే ఒక పని చేస్తున్నాడు.

మరి మన ప్రాంతానికి వద్దాం. ఫుట్‌బాల్‌లో ఆసియా ఖండానికే పేరెన్నికగన్న గోల్‌కీపర్ మన హైదరాబాదులో పుట్టాడంటే మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? పీటర్ తంగరాజ్. 1935లో పుట్టాడు. సికింద్రాబాదు క్లబ్బుల్లో ఆట మొదలుపెట్టి సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టుకు ఆడాడు. మొదట్లో గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్. తరవాత గోలు కాసే స్థానానికి మారాడు. ఆ జట్టు 1955లో, 1958లో డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1958లో ఆసియాలో ఉత్తమ గోల్‌కీపర్‌గా ఎన్నికయ్యాడు. 1956లో మెల్‌బోర్న్, 1960లో రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1967లో అర్జున అవార్డు వచ్చింది. 2008లో బొకారోలో కన్నుమూశాడు.

ఆయన కథలో అందరూ చెప్పేది 1962 జకార్తా ఆసియా క్రీడలు. మన జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన ఈ ఉస్మానియాలోనే చదువుకున్న హైదరాబాదు బడిపంతులు. 2024లో వచ్చిన 'మైదాన్' హిందీ సినిమా ఆయన మీదే తీశారు. మన జట్టు మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. ఫైనల్‌లో మళ్లీ అదే కొరియా ఎదురైంది. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రహీం గారు ముందు వరసలో ఆడించారు. జ్వరపడి లేచిన తంగరాజ్‌ను గోలులో నిలబెట్టారు. ఆరడుగులు దాటిన మనిషి, గాలిలో వచ్చే బంతులు అందుకుంటాడని. సెప్టెంబరు 4న 2-1తో మనం గెలిచాం. స్టేడియం నిండా జనం, అందరూ మనకు ఎదురే. తంగరాజ్ పేరు అలా నిలిచిపోయింది.

ఇక్కడ ఒక చిన్న ప్రశ్న. తంగరాజ్ జ్వరంతో పడుకున్నప్పుడు గోలు ఎవరు కాశారు? ప్రద్యుత్ బర్మన్ అనే బెంగాలీ కుర్రవాడు. అతడు నిలబడకపోతే మన జట్టుకు ఫైనల్ లేదు. ఫైనల్ రోజున మాత్రం అతడు బయట కూర్చున్నాడు. బర్మన్ పేరు మేము కూడా ఈ వారమే మొదటిసారి నోట పలికాం.

ఇక మనసును బాగా పట్టుకున్న కథ ఇంకొకటి ఉంది. ఆ అమ్మాయి పేరు ఇతిమరపు రజని. చిత్తూరు జిల్లా యర్రావారిపాలెం మండలంలో యనమలవారిపల్లె అనే చిన్న పల్లెలో 1990లో పుట్టింది. ఆ మండలం ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. తండ్రి వడ్రంగి. నజరేతు వడ్లవాని ఇంటి సంగతి తెలిసిన మనకు ఆ మాట చాలు. పల్లెలో హాకీ కర్ర పట్టి, గోల్‌కీపర్‌గా భారత మహిళల జట్టు దాకా వెళ్లింది.

అదే జట్టులో సవితా పునియా ఉంది. హర్యానా పల్లెటూరి పిల్ల. ఆమె కూడా 1990లోనే పుట్టింది. ప్రపంచంలోని మేటి గోల్‌కీపర్లలో ఒకరు. ఫార్వర్డులయితే ముగ్గురో నలుగురో ఆడతారు, అలసిపోతే మార్చి మార్చి దింపుతారు. గోలులో నిలబడేది ఒక్కరే. తన ఈడుదే, తనకంటే ఒక మెట్టు పైనున్న గోల్‌కీపర్ ఉన్న కాలంలో పుట్టడం అంటే ఏమిటో ఆలోచించండి. ఆమె ఆడినంత కాలం ఈమె కూర్చోవాలి.

లెక్క కూడా వినండి. ప్రపంచకప్పులో హాకీ జట్టుకు 18 మందిని తీసుకెళ్లవచ్చు. ఒలింపిక్స్ జాబితాలో 16 మందే. ఆ ఇద్దరిని తగ్గించేటప్పుడు మొదట తెగే పేరు రెండో గోల్‌కీపర్‌దే. 2016లో మన మహిళల హాకీ జట్టు 36 ఏళ్ల తరవాత ఒలింపిక్స్‌కు వెళ్లింది. రియోకు వెళ్లిన 16 మందిలో గోల్‌కీపర్ సవిత. రజని స్టాండ్‌బై. సరే, ఇంకో నాలుగేళ్లు. కరోనా వచ్చి అయిదేళ్లయింది. 2021 టోక్యో. మళ్లీ 16 మంది, మళ్లీ గోల్‌కీపర్ సవిత. రజని మళ్లీ రిజర్వు. ఆగస్టు 2న మన అమ్మాయిలు ఆస్ట్రేలియాను 1-0తో ఓడించినప్పుడు దేశమంతా సవితను మెచ్చుకుంది. మెచ్చుకోవలసిందే. నాలుగో స్థానంలో నిలిచిన ఆ జట్టును చూసి మనం కూడా కన్నీళ్లు పెట్టుకున్నాం.

అయితే ఒక మాట. సవితను రోజూ సాధన శిబిరంలో నిలబెట్టి కొట్టే బంతులు ఎంత నిజమో, ఆ పక్క గోలులో అవే బంతులకు ఎదురు నిలబడే రజని కూడా అంతే నిజం. అదే హెల్మెట్, అవే కాళ్ల గార్డులు, అవే దెబ్బలు. ఆడతానో లేదో తెలియకుండా, ఆడేదానిలాగే పొద్దున్నే లేవాలి. మనలో ఎవరైనా, నీకు పిలుపు రాకపోవచ్చు గానీ రేపు పిలుపు వస్తుందన్నట్టే సిద్ధపడు అంటే, ఎన్నాళ్లు చేయగలం?

ఆమె కాళ్లు ముడుచుకుని కూర్చోలేదు. 2017లో ఆసియా కప్పు గెలిచిన జట్టులో ఉంది. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో వెండి పతకం తెచ్చిన జట్టులో ఉంది. తంగరాజ్ నిలబడిన అదే ఊరు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టులో ఉంది. 2024 జనవరిలో మస్కట్‌లో మొట్టమొదటి హాకీ ఫైవ్స్ ప్రపంచకప్పు జరిగింది. అయిదుగురు చొప్పున ఆడే ఆట అది. ఆ భారత జట్టుకు కెప్టెన్ రజని. ఫైనల్ దాకా తీసుకెళ్లింది. అక్కడ నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడి వెండితో తిరిగి వచ్చారు.

ఇక్కడ మేము ఒక జాగ్రత్త చెప్పాలి. ఇటువంటి కథ దొరికితే మన ప్రసంగీకులకు ఒక అలవాటు ఉంది. "చూశారా, కనిపెట్టుకొని ఉంది, దేవుడు కెప్టెన్‌ను చేశాడు" అని ముగిస్తాం. హల్లెలూయ అంటాం. కానీ ఆమెకు ఒలింపిక్ మైదానంలో ఆడే ఆ పదహారో చోటు రియోలోనూ రాలేదు, టోక్యోలోనూ రాలేదు. కెప్టెన్‌గా నిలబడిన ఫైనల్‌లో ఏడు గోల్స్ పడ్డాయి. నిజం చెప్పాలంటే కథ అంత నున్నగా లేదు. కనిపెట్టినవారందరికీ కనిపెట్టినదే దొరుకుతుందని దేవుడు ఎక్కడా మాట ఇవ్వలేదు. పరీక్షకు వెళ్లే పిల్లల తల మీద చెయ్యి పెట్టి "ఈసారి తప్పక వస్తుంది" అని మేము అన్న రోజులున్నాయి. ప్రేమతోనే అన్నాం. ఆ మాట నిలబడనప్పుడు ఆ పిల్లలు పరీక్షలో తప్పామనే కాదు, విశ్వాసంలో కూడా తప్పామని అనుకున్నారు. ఆ రెండో బరువు వాళ్ల మీద పెట్టింది మేమే.

మరి దేవుడు ఇచ్చిన మాట ఏమిటి? 1 సమూయేలు 30వ అధ్యాయం తీయండి. అమాలేకీయులు సిక్లగును కాల్చి, ఆడవారిని పిల్లలను చెరపట్టుకుపోయారు. దావీదు ఆరువందల మందితో తరిమాడు. బెసోరు వాగు దగ్గర రెండువందల మంది ఇక నడవలేక ఆగిపోయారు. నాలుగువందల మంది ముందుకు వెళ్లి, యుద్ధం చేసి, పోయినదంతా తిరిగి తెచ్చారు. వచ్చేటప్పుడు వారిలో కొందరు గొణిగారు, మాతో రానివారికి దోపుడుసొమ్ములో ఏమీ ఇవ్వం, వారి భార్యాపిల్లలను తీసుకుని వెళ్లిపోవచ్చు అని. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి వెళ్లినవాడికి ఎంత భాగమో సామాను దగ్గర ఉన్నవాడికీ అంతే భాగం అన్నాడు. ఆ రోజు నుంచి అది ఇశ్రాయేలులో కట్టడగా నిలిచింది.

గమనించండి. ఆ రెండువందల మంది తరవాత గొప్ప యోధులయ్యారు గనుక భాగం దొరికిందని అక్కడ రాయలేదు. వాళ్లు అలసిపోయారు, సామాను దగ్గర ఉన్నారు. అంతే. దావీదు ఇంకో మాట కూడా అన్నాడు, ఈ సొమ్ము మనం గెలిచింది కాదు, దేవుడు ఇచ్చింది అని. ఇచ్చింది ఆయనైతే, కొట్టినవాడికి ఎక్కువ, కాచినవాడికి తక్కువ అని కొలిచే తూనిక మన చేతికి ఎవరిచ్చారు?

దినవృత్తాంతముల మొదటి గ్రంథం 9వ అధ్యాయం కూడా ఒకసారి చదవండి. పేర్లు, పేర్లు, పేర్లు. మనం దాటవేసే అధ్యాయం. అక్కడ ద్వారపాలకులను లెక్కపెట్టి 212 మంది అని రాశారు. గుమ్మాల దగ్గర నిలబడేవారు. వాళ్లు ఎంతమంది దొంగలను ఆపారో రాయలేదు. వాళ్లు నిలబడ్డారని రాశారు. గోల్‌కీపర్లకు ఇంతకంటే మంచి అధ్యాయం మాకు కనబడలేదు.

టోక్యో ముగిసిన ఆ ఆగస్టులోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రజనిని పిలిచి 25 లక్షల రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. రిజర్వుగా వెళ్లిన అమ్మాయే గదా అని తగ్గించి చూడలేదు. ప్రభుత్వాలను మనం చాలా మాటలంటాం. ఆ రోజు మాత్రం, తెలిసో తెలియకో, బెసోరు వాగు దగ్గరి కట్టడను పాటించారు.

మేము పాటించలేదు. పోయిన క్రిస్మస్ ఆరాధనలో ఆ సంవత్సరం ఉద్యోగాలు వచ్చిన ముగ్గురిని ముందుకు పిలిచాం. శాలువాలు కప్పాం. సాక్ష్యాలు చెప్పించాం. ఫొటోలు తీయించి గ్రూపులో పెట్టాం. అందులో తప్పు లేదు. కానీ మాట జోరులో మేము, "ప్రార్థనలో పట్టుదల ఉన్నవారికి దేవుడు జవాబిచ్చాడు" అన్నాం. వెనక వరసలో ఆ బిడ్డ, పక్కన వాళ్లమ్మ కూర్చుని ఉన్నారు. ప్రేమవిందు మొదలు కాకముందే లేచి వెళ్లిపోయారు. మేము చూశాం. వడ్డన పనిలో పడి మర్చిపోయాం. ఆ ముగ్గురికంటే ఆ తల్లి తక్కువ ఉపవాసాలు చేసిందా? ఆ మాట మాకు నాలుగు నెలల తరవాత గానీ తట్టలేదు.

బౌద్ధనగర్ గదిలో కూర్చుని ఆ బిడ్డను క్షమాపణ అడిగాం. తల దించుకున్నాడు. "మీరు అడగొద్దు అయ్యగారూ" అన్నాడు. కాసేపటికి మెల్లగా, "అమ్మను అడగండి" అన్నాడు.

అక్కడ ఇంకొక సంగతి కూడా తెలిసింది. గదిలో ఉన్న ఒక చిన్నవాడికి డెంగీ వస్తే మనవాడే వారం రోజులు ఆసుపత్రిలో పడుకున్నాడట. కొత్తగా వచ్చిన పిల్లలకు రాత్రిపూట లెక్కలు చెబుతున్నాడట, డబ్బు తీసుకోకుండా. అతడి దగ్గర నేర్చుకున్న ఇద్దరికి ఉద్యోగాలు వచ్చాయి. ఈ సాక్ష్యం మన మందిరంలో ఎవరు చెప్పించాలి?

కాబట్టి ప్రియులారా, మా అభిప్రాయం దాపరికం లేకుండా చెబుతున్నాం. మన సంఘంలో గోలు కొట్టినవారికే శాలువా కప్పే పద్ధతి ఆగిపోవాలి. కప్పితే ఇద్దరికీ కప్పుదాం, లేకపోతే ఎవరికీ వద్దు. పాట పాడేవారిని మెచ్చుకుంటున్నాం, మంచిదే. శనివారం రాత్రి మందిరం ఊడ్చి, చాపలు పరిచి, గేటు తాళం వేసి వెళ్లేవారి పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? ఒక్క ఆదివారం వారు రాకపోతే వెంటనే తెలుస్తుంది. గోల్‌కీపర్ జీవితం అదే.

తల్లిదండ్రులకు ఒక మనవి. పండగకు ఇంటికి వచ్చిన బిడ్డను గుమ్మంలోనే "ఏమన్నా వచ్చిందా?" అని అడగకండి. "తిన్నావా?" అని అడగండి. పక్కింటివారి బిడ్డ పేరు ఆ నాలుగు రోజులు ఎత్తకండి. ఆ పోలిక మీరు చెప్పనక్కర్లేదు, వాళ్లు రోజూ రాత్రి తమకు తామే చెప్పుకుంటున్నారు.

యౌవనులకూ ఒక మాట. కనిపెట్టడం అంటే కాలం గడపడం కాదు. రజని రిజర్వుగా ఉన్నప్పుడు కూడా బంతులకు ఎదురు నిలబడింది. మీరూ మీ సాధన నిజంగా చేయండి. అలాగే ఒక రోజు వచ్చి, ఇక చాలు, ఇంకో పని చూసుకుంటాను అనిపిస్తే, దేవుని ముందు కూర్చుని ఆలోచించి, వేరే పని పట్టుకోండి. తంగరాజ్ ముందు గోల్స్ కొట్టే స్థానంలో మొదలుపెట్టి, తరవాతే గోలు దగ్గరికి వచ్చాడు. చోటు మారడం ఓటమి కాదు. బెసోరు వాగు దగ్గర ఆగిపోయినవారిని దావీదు పిరికివారనలేదు. వారి దగ్గరికి వచ్చి ముందు క్షేమసమాచారం అడిగాడని గ్రంథం చెబుతోంది.

ఈ రాత్రి మేమిద్దరం ఆ తల్లి ఇంటికి వెళ్తున్నాం. ఏం మాట్లాడాలో ఇంకా తెలియదు. మీరు ప్రార్థించండి. వచ్చే ఆదివారం ఆరాధన తరవాత సంఘ పెద్దలు కాసేపు ఉండండి, ఈ క్రిస్మస్ ఎలా చేయాలో ఇప్పటి నుంచే మాట్లాడుకుందాం.

గుమ్మము దగ్గర నిలిచినవారిని, సామాను దగ్గర కూర్చున్నవారిని, పిలుపు కోసం అద్దె గదుల్లో ఎదురు చూస్తున్న మన బిడ్డలందరినీ ప్రభువు పేరు పేరున జ్ఞాపకం చేసుకొనును గాక. వారిని మరిచిపోయిన మమ్మును క్షమించును గాక. ఆమేన్.